హల్లులు మింగిన పెట్టె

మా అత్తయ్యగారి చెవుల గురించి ముందు చెప్పాలి. పోయాయని మేమంతా నాలుగు నెలలపాటు నమ్మింది ఆ చెవులే. నమ్మించినవాణ్ణి నేను.

ఆవిడ ఉయ్యూరు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా ముప్పై ఏళ్ళు పనిచేశారు. బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే, ఆఖరి బెంచీలో ఎవడు ఎవడితో ఏం గుసగుసలాడాడో చెప్పేవారట. చెప్పి ఊరుకోకుండా, ఆ గుసగుసలో వాడు పలికిన తప్పును కూడా దిద్దేవారట. మామయ్యగారు పోయాక విజయవాడలో మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన రోజు నుంచి మా టీవీకి ఒక ఇన్‌స్పెక్టరు దొరికారు. హాల్లో వార్తలు చదివే అమ్మాయి "వాల్లు" అంటే, వంటింట్లో పప్పుకి తాలింపు వేస్తున్న అత్తయ్యగారు "వాళ్ళు, తల్లీ, వాళ్ళు" అనేవారు. తాలింపు చిటపటల మధ్య కూడా ఆ ళకారం పోయిన సంగతి ఆవిడ చెవిన పడేది. సాయంత్రం ఆరున్నరకి సోఫాకి కుడి చివర కూర్చుని, పాత సినిమా డైలాగుల్ని నటుడికన్నా అర క్షణం ముందు చెప్పేయడం ఆవిడ దినచర్య. ఆవిడ పక్కన కూర్చుంటే మనకి ప్రతి మాటా రెండుసార్లు వినపడేది.

ఇక నా సంగతి. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. అందులోనూ ధ్వని పాఠం నా సొంత ఆస్తి అని నా నమ్మకం. ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద తరంగాలు గీసి గీసి, ప్రపంచంలో ఏ శబ్దమైనా నాతో ఒక మాట చెప్పి పుట్టాలన్నట్టు తయారయ్యాను. ఇలాంటివాడు హోమ్ థియేటర్ కొంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నేను ఊహించుకోలేదు.

దసరా ముందు బందరు రోడ్డులో ఒక షాపుకి వెళ్ళాం, నేనూ మా ఆవిడా. షాపు వెనకాల చీకటి గది ఒకటుంది. అందులో కూర్చోబెట్టి వాన కురిపించారు. వాన నా వెనక మొదలై, తల మీదుగా వెళ్ళి, ఎదురుగోడ మీద పడింది. మేడ మీద ఆరేసిన బట్టలు గుర్తొచ్చి లేవబోయాను. అంత నిజంగా ఉంది. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది, దేనికీ తొందరపడి సంతోషించదు.

"వాన మనూళ్ళోనే పడుద్దిగా. మనుషులు మాట్లాడేది ఎలా వినపడుద్దో పెట్టమనండి," అంది.

షాపతను మాటలూ వినిపించాడు. గాజు పలక మీద రాసినట్టు ఒక్కో అక్షరం విడిగా వినపడింది. అప్పటికప్పుడు ఖాయం చేశాను.

సరిగ్గా మహర్నవమి పొద్దున పెట్టెలు దిగాయి. చిన్నవి నాలుగు, టీవీ కింద అడ్డంగా పెట్టేది ఒకటి, దడదడలాడించడానికి పెద్దది ఒకటి. బిగించడానికి వచ్చినతను గంటలో వైర్లన్నీ కలిపేశాడు. అడ్డంగా ఉన్నదాన్ని తట్టి, "ఇదేనండి సెంటర్ స్పీకరు. దీని గొంతేనండి గొంతు. సినిమాలో మాటలన్నీ దీంట్లోంచే వస్తాయి," అని స్విచ్ మీద వేలు పెట్టబోయాడు.

"ఆగండాగండి!" అంది మా ఆవిడ. "ఆయుధ పూజ కాకుండా కొత్త వస్తువు ఆన్ చేస్తారా?"

అతనికి ఇంకా నాలుగిళ్ళున్నాయి. పండగ రోజు ఆడవాళ్ళతో వాదించే ఓపిక లేదు. "పూజయ్యాక మీరే వేసుకోండి సార్, అంతా కలిపేశాను," అని వెళ్ళిపోయాడు. ఆ రోజు అతను స్విచ్ వేసి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

మా ఇంట్లో ఆయుధ పూజ ఘనంగా జరుగుతుంది. కత్తిపీట, మిక్సీ, స్కూటరు, నా క్యాలిక్యులేటరు, మా ఆవిడ లాప్‌టాప్, పరీక్ష పేపర్లు దిద్దిన అత్తయ్యగారి ఎర్ర పెన్ను, అన్నీ బొట్లు పెట్టించుకుని వరసగా కూర్చుంటాయి. ఆ ఏడాది ఆరు పెట్టెలు అదనం. మా ఆవిడ అయిదు పెట్టెలకి బొట్లు పెట్టింది. సెంటర్ స్పీకరుకి మాత్రం నేనే పెడతానన్నాను. ఇంట్లో గొంతుకి నేను కాక ఇంకెవరు పెడతారు? జాలీ మూత ఊడదీసి, పసుపు తడిపి, కుంకుమ అద్ది, అక్షింతలు వేసి, మూత మళ్ళీ బిగించి హారతిచ్చాను. మా ఆవిడ కొబ్బరికాయ కొట్టింది. అప్పుడు స్విచ్ వేశాను.

మొదటి సినిమా ఒక పెద్ద ఫైటుతో మొదలైంది. హీరో తన్నిన ప్రతివాడూ మా ఇంటి గోడకే తగిలాడు. అత్తయ్యగారు సోఫా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఫైటయ్యాక హీరో తల్లి దగ్గరికి వచ్చి చాలాసేపు ఏదో చెప్పాడు. తల్లి ఏడ్చింది. ఏం చెబితే ఏడ్చిందో నాకు తెలియలేదు. గోనెసంచిలో తల పెట్టి మాట్లాడుతున్నట్టుంది.

"ఎలా ఉందండీ అత్తయ్యగారూ?" అన్నాను.

"బ్రహ్మాండంగా ఉంది బాబూ. ఇల్లంతా ఊగుతోంది."

"మాటలో?"

ఆవిడ నా మొహం వంక చూశారు. తర్వాత, "మాటలూ వస్తున్నాయి బాబూ. అచ్చులన్నీ చక్కగా వస్తున్నాయి. హల్లులే కొంచెం రావట్లేదు. నా చెవులే అయ్యుంటాయి, వయసొచ్చింది కదా," అన్నారు.

ఆ క్షణంలో నేను చేయాల్సిన పని ఒకటే ఉంది. "నాకూ రావట్లేదండీ" అనాలి. అనలేదు. బోనస్ మొత్తం పెట్టి కొన్న వస్తువు, అందులోనూ ధ్వని పాఠం చెప్పేవాడు కొన్న వస్తువు, మొదటి రోజే మూగదని ఎలా ఒప్పుకుంటాను? అత్తయ్యగారు తన చెవుల్ని ముందుకు తోశారు. నేను వాటి వెనక దాక్కున్నాను.

దాక్కుని ఊరుకున్నా బాగుండేది. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, పాత క్యాలెండర్ కాగితం వెనక చెవి బొమ్మ గీసి ఆవిడకి పాఠం చెప్పాను. వయసు పెరిగేకొద్దీ హెచ్చు పౌనఃపున్యాలు ముందు పోతాయని, స, శ, త, ప లాంటి హల్లులకి పదును ఇచ్చేవి అవేనని, అందుకే మాట వినపడుతున్నా అర్థం కాదని వివరంగా చెప్పాను. ఆవిడ మంచి విద్యార్థిలా విన్నారు.

"మరి అచ్చులో బాబూ?"

"అవి తక్కువ పౌనఃపున్యాలండీ. అవి ఆఖర్న పోతాయి."

"ఓహో. ఆఖర్న అవీ పోతాయన్నమాట," అని ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి తన పుస్తకంలో దాచుకున్నారు. పాఠం అంత బాగా అర్థమైనందుకు నేను సంతోషించాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తర్వాత నేను ఎవరికీ చెప్పకుండా బాగుచేయడం మొదలుపెట్టాను. వైర్లు ఊడదీసి ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు ఉన్నాయో లేదో మూడుసార్లు చూశాను. టేపు పెట్టి కొలిచి, సోఫా ఎక్కడుండాలో నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. పనిమనిషి వాటిని రోజూ తుడిచేసేది, నేను రోజూ పెట్టేవాణ్ణి. గట్టి శబ్దాల్ని తగ్గించి చిన్న శబ్దాల్ని పెంచే సెట్టింగ్ ఒకటి దొరికింది. అది పెడితే మాటలు పెద్దవయ్యాయి, కానీ గోనెసంచి కూడా వాటితోపాటే పెద్దదైంది. సెంటర్ స్పీకరు ఒక్కదాని వాల్యూమ్ పెంచుతూ పోయాను. కిటికీలకి దళసరి పరదాలు కట్టించాను, గోడకి తగిలి తిరిగొచ్చే శబ్దం తగ్గుతుందని. వేసవికి దాచిన జంపఖానా తెచ్చి హాల్లో పరిచాను. ఇవన్నీ మంచి పనులే. షాపువాళ్ళిచ్చిన పుస్తకంలోనూ ఉన్నాయి. కానీ గొంతు నొక్కి పట్టుకుని జ్వరానికి మందేస్తే ఏం లాభం?

పెద్ద పెట్టె దగ్గర ఇంకో గొడవ. అది ఈశాన్యం మూల ఉంది. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని మా ఆవిడ పట్టు. శబ్దానికి దిక్కులు ఉండవని నేను వాదించి, ఓడిపోయి, దాన్ని నైరుతి మూలకి నెట్టాను. ఆ గోడకి అవతలే వంటింటి అల్మారా, అందులో స్టీలు డబ్బాలు. తెర మీద బాంబు పడ్డప్పుడల్లా మా కందిపప్పు డబ్బా, మినప్పప్పు డబ్బా మూతలు మోగించేవి. అది సరౌండ్ సౌండ్ అని మా ఆవిడకి చెప్పాను. "అవునవును, వంటింట్లోంచి కూడా వస్తోంది," అంది.

సినిమా చూడటం ఒక ఉద్యోగమైపోయింది. మాటలొస్తే వాల్యూమ్ పెంచాలి, ఫైటొస్తే తగ్గించాలి. రిమోట్ పట్టుకున్నవాడికి కథ తెలిసేది కాదు. చివరికి తెలుగు సినిమాకి కింద ఇంగ్లీషు అక్షరాలు పెట్టాను. ఎందుకని మా ఆవిడ అడిగితే, "అనువాదం ఎలా చేశారో చూద్దామని," అన్నాను. తను నమ్మినట్టు నటించింది. తనకీ వినపడటం లేదని, కానీ పాపం ఇంత ఇష్టపడి కొన్నాడని ఊరుకుందని, తర్వాత తెలిసింది. ఒకే హాల్లో ముగ్గురం కూర్చుని ముగ్గురం వినపడుతున్నట్టు తలలూపాం. నిజానికి దగ్గరగా ఉన్న మాట అన్నది అత్తయ్యగారొక్కరే. చెవులు పోయినట్టు లెక్కలోకి వచ్చింది కూడా ఆవిడే.

ఇంట్లో టీవీ ఒకటే. దాని సొంత గొంతు నేను మొదటి రోజే ఆపేశాను, ఇంత పెద్ద సెట్టు పెట్టుకుని దాంతో పనేమిటని. అందుకని వార్తలైనా ప్రవచనాలైనా ఆ గోనెసంచిలోంచే రావాలి. మెల్లమెల్లగా అత్తయ్యగారు దిద్దడం మానేశారు. టీవీలో అమ్మాయి ఏమన్నా వంటింట్లోంచి మాట వచ్చేది కాదు. సంక్రాంతి వెళ్ళేసరికి ఆరున్నరకి హాల్లోకి రావడం కూడా మానేశారు. "మీరు చూడండి బాబూ, నాకు చదువుకునేది ఉంది," అని గదిలోకి వెళ్ళి పుస్తకం పట్టుకునేవారు. సోఫాకి కుడి చివర ఖాళీగా ఉండేది. అక్కడ నేను రిమోట్లు పెట్టుకునేవాణ్ణి.

వినపడని మనిషితో ఎలా మాట్లాడాలో మేం నేర్చేసుకున్నాం. "అత్తయ్యగారూ! కాఫీ!" అని అరిచేవాణ్ణి. "అమ్మా! మాత్ర వేసుకున్నావా!" అని మా ఆవిడ అరిచేది. ఒకరోజు ఆవిడ, "ఎందుకు బాబూ అంత గట్టిగా?" అన్నారు. వినికిడి తగ్గినవాళ్ళందరూ ముందు ఇలాగే అంటారని నేను మా ఆవిడకి వివరించాను.

శివరాత్రి ముందు మా ఆవిడ సూర్యారావుపేటలో ఒక చెవుల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. సోమవారం సాయంత్రం అయిదింటికి.

"మిషన్ పెడతారా బాబూ?" అని అడిగారు అత్తయ్యగారు.

"చిన్నదేనండీ! పైకి కనపడదు!" అని అరిచాను.

"కనపడకపోతే సరే," అన్నారు.

ఆదివారం పొద్దున చూస్తే ఆవిడ అద్దం ముందు కూర్చుని చెవి దుద్దులు తీస్తున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మామయ్యగారు చేయించినవి. నేను చూసినన్నాళ్ళూ ఆవిడ వాటిని తీయలేదు.

"మిషన్‌కి అడ్డం వస్తాయేమోనని ముందే తీసి చూస్తున్నాను," అన్నారు. ఆ బోసి చెవుల్ని నేను చూడలేకపోయాను. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది.

వచ్చింది షాపు మనిషి. పండగ రోజు వచ్చినతను కాదు, యాభై దాటిన పెద్దాయన. పప్పు డబ్బాల మోత కింది ఫ్లాటువాళ్ళ దాకా వెళ్ళిందని, వాళ్ళు చెప్పిన మీదట నేనే ఫోన్ చేసి పిలిచాను. ఒకప్పుడు మన ఊళ్ళోనే ఒక సినిమా హాల్లో ఆపరేటరుగా ఇరవై ఏళ్ళు చేశానని, హాలు మూసేశాక ఈ పనిలోకొచ్చానని చెప్పాడు. పెద్ద పెట్టె చూసి నవ్వాడు.

"మూలకి బాగా నెట్టేశారండి. రెండు గోడలూ కలిసి దీన్ని రెచ్చగొడతన్నాయి. వాస్తు నేనేం అననండి. నైరుతిలోనే ఉంచుకోండి, కాకపోతే మూల వదిలి మూరెడు ఇవతలికి లాగుదాం," అని లాగి, కింద రబ్బరు షీటు వేశాడు. డబ్బాలు నోరు మూసుకున్నాయి. నైరుతి నైరుతిలాగే ఉంది. నాలుగు నెలల్లో నాకు తట్టని రాజీ అది.

"మాటలు ఎలా వినపడతన్నాయండి?"

"బ్రహ్మాండంగా," అన్నాను.

"మా అమ్మకి వినపడట్లేదండీ," అంది మా ఆవిడ. "అచ్చులు వస్తున్నాయి, హల్లులు రావట్లేదు అంటది. చెవులు తగ్గాయి ఆవిడకి. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం."

పెద్దాయన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగింది. "ఎవరన్నారండి ఆ మాట?"

"మా అమ్మ."

"చెవులు పోయినోళ్ళు అంత వివరంగా చెప్పలేరమ్మా. మా హాల్లో మాటలు పలికే కొమ్ము స్పీకరు పోతే మా ఓనరుగారికి నేను చెప్పలేకపోయిన ముక్క అది. ఒక న్యూస్‌పేపరు ఇప్పించండి."

ఆ రోజు పేపరు గొట్టంలా చుట్టి, ఒక కొన స్పీకరు దగ్గరా ఒక కొన చెవి దగ్గరా పెట్టి, టీవీలో వార్తలు పెట్టించి, ఒక్కో పెట్టెనీ డాక్టరులా పరీక్షించాడు. సెంటర్ స్పీకరు దగ్గరికొచ్చి, ఎడం పక్క విన్నాడు, కుడి పక్క విన్నాడు. మధ్యలో పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత జాలీ మూత ఊడదీశాడు. చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్, ఇందులో దేవుడున్నాడండి," అన్నాడు.

మేం వంగి చూశాం. అటొకటి ఇటొకటి నల్లటి గిన్నెలు, రెంటి మధ్యా రూపాయి బిళ్ళంత గుండ్రటిది. ఆ గుండ్రటిదాని నిండా పసుపు ముద్ద ఎండి నెర్రెలిచ్చి ఉంది. పసుపు మీద కుంకుమ. కుంకుమ మధ్యలో ఒక అక్షింత గింజ కూడా అతుక్కుని ఉంది.

"ఇదండి హల్లులు పలికేది. పట్టుగుడ్డలాంటి పల్చటి బుడిపె. దీన్ని వేలితో ముట్టుకోవడమే పనికిరాదండి. ఎవరో బాగా భక్తిగా నొక్కారు, లోపలికి సొట్టబోయింది. గొంతులో ముద్ద పెట్టి మాట్లాడమంటే ఎలా మాట్లాడుద్దండి?"

పెద్దాయన మా ఆవిడ వంక చూశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కూడా మా ఆవిడ వంకే చూశాను.

మా ఆవిడ వంగి దగ్గరగా చూసింది. "నేను ఉంగరపు వేలితో పెడతాను. పెట్టెలకి చెక్క మీద పెట్టాను, కావాలంటే చూసుకోండి. ఇది బొటనవేలు. అచ్చు కూడా పడింది." తర్వాత నా వంక తిరిగింది. "చెయ్యి ఇలా ఇవ్వండి."

చెయ్యి ఇవ్వలేదు. అవసరం కూడా లేదు.

పెద్దాయన దూదిని తడి చేసి, పసుపు కొంచెం కొంచెంగా నానబెట్టి తీశాడు. అక్షింత గింజని కళ్ళకద్దుకుని తులసి కుండీలో వేయమని మా ఆవిడకిచ్చాడు. తర్వాత అంటుకునే టేపు ముక్కని ఆ బుడిపె మీద మెత్తగా ఆనించి, ఊపిరి బిగబట్టి లాగాడు. సొట్ట బయటికొచ్చింది. చిన్న మడత మాత్రం మిగిలింది. "పర్లేదండి, మడతున్నా పలుకుద్ది," అని, స్పీకరుని టీవీ కింది అల్మారా లోపల్నుంచి అంచు దాకా జరిపి, సోఫాలో కూర్చున్నవాళ్ళ మొహం వైపు కొంచెం ఎత్తి పెట్టాడు. నేను పెంచిన వాల్యూములన్నీ తగ్గించాడు. మామూలుగా, పెద్దగా కాకుండా, వార్తలు పెట్టాడు.

అమ్మాయి గొంతు హాల్లోకి వచ్చింది. షాపులో విన్న గొంతే. ఒక్కో అక్షరం విడివిడిగా ఉంది. "రెండో పంట కోసం డెల్టా కాలవలకి నీల్లు వదిలారు," అంది.

గదిలోంచి, వేసిన తలుపు వెనకనుంచి, నాలుగు నెలల తర్వాత ఆ గొంతు వచ్చింది.

"నీళ్ళు, తల్లీ, నీళ్ళు!"

హాల్లో ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తలుపు తెరుచుకుంది. అత్తయ్యగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. చెవులకి దుద్దులు లేవు. కళ్ళ నిండా నీళ్ళు.

"ఈ అమ్మాయి ఇన్నాళ్ళూ ఇలాగే అంటోందా?" అన్నారు. "నేను చూడకపోయేసరికి ఎంత పాడైపోయింది!"

మా ఆవిడ ఏడుస్తూ నవ్వింది. పెద్దాయన లేచి దణ్ణం పెట్టి, "మీ చెవులకి ఢోకా లేదమ్మగారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం," అన్నాడు. ఏం దొరికిందో మా ఆవిడ తల్లికి పూర్తిగా, ఒక్క వివరం వదలకుండా చెప్పింది. బొటనవేలు గురించి రెండుసార్లు చెప్పింది.

మధ్యాహ్నం మా ఆవిడ నిద్రపోతుంటే అత్తయ్యగారు నాకు కాఫీ తెచ్చిచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"అత్తయ్యగారూ, నన్ను క్షమించాలి. మొదటి రోజు నాకూ వినపడలేదండీ. చెప్పలేదు."

"అయ్యో, అదేం మాట బాబూ! నాకు తెలుసుగా."

"తెలుసా?"

"పెట్టె బాగాలేదని ఆ రోజే అనుకున్నాను. కానీ అంత ముచ్చటపడి తెచ్చుకున్నారు, పండగ పూట అల్లుడుగారి వస్తువు బాగాలేదని నేనెలా అంటాను? చెవులు నావే కదా, వాటి మీద పెట్టేశాను. తర్వాత మీరు క్యాలెండర్ మీద గీసి చూపించారా, అప్పట్నుంచి నాకూ నిజమేనేమో అనిపించింది బాబూ. పొద్దున గుళ్ళో గంట కూడా దూరం జరిగినట్టుండేది. గదిలో తలుపేసుకుని క ఖ గ ఘ అని నాకు నేనే మెల్లిగా చెప్పుకుని, వినపడుతోందా లేదా అని పరీక్ష పెట్టుకునేదాన్ని. ముప్పై ఏళ్ళు దాంతోనే బతికాను కదా. భయం వేసింది."

కాఫీ చల్లారిపోయింది. ఇంత మంచి మనిషిని ఒక పెట్టె కోసం చెవిటిదాన్ని చేశానే అని నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "దుద్దులు పెట్టుకుంటాను, అద్దం పట్టుకోండి," అన్నారు.

సాయంత్రం నేను డాక్టరుగారికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ వద్దని చెప్పబోతే మా ఆవిడ ఆపింది.

"ఎందుకు వద్దనడం? మీరెళ్ళండి. నాలుగు నెల్లుగా మా అమ్మ చెప్తుంటే వినపడనిది మీకు."

మర్నాడు సాయంత్రం వెళ్ళాను. తన పట్టుదల నాకు తెలుసు. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, ఎప్పుడు వినపడితే అప్పుడు మీట నొక్కమన్నారు. నొక్కాను. చివర్లో డాక్టరుగారు కాగితం చూసి, "మీ వయసుకి ఇంత మంచి వినికిడి చూడలేదండీ. దేనికొచ్చారసలు?" అన్నారు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చేదారిలో బందరు కాలవ వంతెన మీద స్కూటరు ఆపి, దాన్ని ఎవరికీ చూపించకూడదని తీర్మానించుకున్నాను. వినపడే చెవులుండి వినలేదని తేలితే, అంతకన్నా జబ్బేముంది?

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి ఆరున్నర. అత్తయ్యగారు సోఫాకి కుడి చివర కూర్చుని ఉన్నారు. దుద్దులు మెరుస్తున్నాయి. పాత సినిమా ఏదో మొదలైంది.

"ఏమన్నారు బాబూ డాక్టరుగారు?"

"కొంచెం తగ్గిందన్నారండీ అత్తయ్యగారూ," అన్నాను. "హల్లుల దగ్గర."

ఆవిడ నా మొహం వంక ఒక్క క్షణం చూశారు. ముప్పై ఏళ్ళు హోంవర్కు చేయని పిల్లల సాకులు విన్న మనిషి. పక్కనున్న రిమోట్లు తీసి అవతల పెట్టి నాకు చోటిచ్చారు.

"పర్లేదు బాబూ, నేనున్నాగా. చెప్తాను," అన్నారు.

తెర మీద నాయిక ఏదో అనబోయింది. అర క్షణం ముందే అత్తయ్యగారు ఆ మాట నా చెవి దగ్గరికి వంగి, అచ్చులూ హల్లులూ ఏదీ పోకుండా, చెప్పారు. నేను తలూపి విన్నాను. సినిమా అయ్యేదాకా ప్రతి మాటా రెండుసార్లు విన్నాను.